ఆగమాగమైనప్పుడు ముందు ఊపిరి, తర్వాతే కాగితం

మా ఇల్లు హైదరాబాద్ మూసాపేటలో. పని ప్యారడైజ్ దగ్గర ఒక ఆడిటర్ ఆఫీసులో. రోజూ అమీర్‌పేటలో మెట్రో మారతాను. ఒక జూలై 20వ తారీఖు పొద్దున అక్కడి మెట్ల మీద నిలబడిపోయాను. ఏ ప్లాట్‌ఫామ్‌కి పోవాలో గుర్తు రాలేదు. గుండె దడదడ, చేతులు చల్లగా. వెనకాల జనం తోసుకుని పోతున్నారు. ముగ్గురు క్లయింట్ల జీఎస్టీ రిటర్నులకు అదే ఆఖరి రోజు. అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయి పది రోజులు. మా పాప ఇంజినీరింగ్ కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లకు రెండు రోజులే గడువు. అంతా ఆగమాగం.

ఇలాంటప్పుడు పనుల లిస్టు రాసుకోమంటారు అందరూ. నేనూ ఫోన్ తీసి మొదలుపెట్టాను. నాలుగో పని రాసేసరికి ఊపిరి ఆడలేదు. దడ తగ్గకముందు ఏం రాసినా అది పనుల లిస్టు కాదు, భయాల లిస్టు.

కాబట్టి ముందు ఒంటి సంగతి చూడండి. ఎక్కడైనా కూర్చుని అరికాళ్ళు నేలకు ఆనించండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలేటప్పుడే ఎక్కువసేపు పట్టాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే. నేను మొదట్లో గబగబా పీల్చేదాన్ని, తల ఇంకా తిరిగేది. ఐదు నిమిషాలు ఇలా చేసి, కుళాయి ఉంటే మొహం మీద చల్లనీళ్ళు చల్లుకోండి. అయితే ఛాతీలో నొప్పి వచ్చి చేతికో దవడకో పాకుతుంటే, చెమటలు పడుతుంటే, టెన్షనే అనుకుని ఊరుకోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు కాగితం. ఫోన్ వద్దు, అందులో రాస్తుండగానే ఇంకో మెసేజ్ వస్తుంది. ఆ రోజు ఆఫీసుకెళ్ళి ఒక పాత ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాల నిల్వల పట్టీ) కాగితం వెనక వైపు, తలలో తిరిగేవన్నీ రాశాను. పంతొమ్మిది తేలాయి. ప్రతిదాని పక్కనా ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది ఒక్కరోజు ఆలస్యమైతే ఖరీదెంత?

పన్ను కట్టాల్సిన జీఎస్టీ రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. తలనొప్పే, కానీ లెక్కకు అందే తలనొప్పి. వెబ్ ఆప్షన్లకు లేట్ ఫీజు ఉండదు, గడువు దాటితే ఆ విడత పోయినట్టే. పరదాలు ఉతకడం ఆలస్యమైతే? సున్నా. ఆడపడుచు ఏమనుకుంటుందో అన్నదీ ఒక లైను రాశాను. దాని ఖరీదు కట్టలేక కొట్టేశాను. చివరికి ఆ రోజుకు మిగిలినవి నాలుగు. నిజం చెప్పాలంటే ఆ నాలుగులో ఒక రిటర్ను మర్నాటికే పోయింది. ఆ క్లయింటే బిల్లులు పంపలేదు, నేనేం చేస్తాను!

సాయం అడిగే పద్ధతి కూడా నేర్చుకోవాలి. "కాస్త నన్ను చూసుకోండి" అని మా ఆయనతో ఎన్నిసార్లన్నా ఫలితం లేదు. పాపం, ఏం చూడాలో ఆయనకు తెలియదు. "ఏమండీ, సాయంత్రం ఆరింటికి ఫిజియోథెరపీ అబ్బాయి వస్తాడు, అత్తమ్మ దగ్గర మీరుండండి" అంటే ఉన్నారు. పనీ, టైమూ చెప్పాలి, అంతే.

టీ తగ్గించండి. ఆఫీసు కింద ఇరానీ చాయ్ రోజుకు నాలుగైనా తాగేదాన్ని. దడ ఉన్నవాళ్ళకు అది ఇంకా ఎగదోస్తుంది. ఇప్పుడు పొద్దున ఒకటే.

ఇన్ని చేసినా రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోతే, పనులు చేసుకోలేకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్ళు ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. మన ఊళ్ళో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుతాం. నేనూ నవ్విందాన్నే. రోజూ నా రైలు ఎర్రగడ్డ స్టేషన్ మీదుగానే పోతుంది. అక్కడి మానసిక ఆసుపత్రి ఓపీకి వచ్చేది నాలాంటి వాళ్ళేనని, ఒకసారి మా పక్కింటావిడకు తోడుగా వెళ్ళినప్పుడు వరసలో కూర్చుని చూశాను.