చైనీస్ కోర్సులో చేరే ముందు ఇంటర్వ్యూ గదిని ఒకసారి ఊహించుకోండి

చైనీస్ వస్తే ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం దొరుకుతుందని విని కోర్సు కోసం వెతికేవాళ్లు అడిగేవి ఎప్పుడూ రెండే ప్రశ్నలు. ఫీజు ఎంత, ఎన్ని నెలలు పడుతుంది. నేను తిరిగి అడిగేది ఒక్కటే, రేపు ఇంటర్వ్యూలో టేబుల్‌కి అవతల ఎవరు కూర్చుంటారు? ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే ఏ కోర్సు కావాలో సగం తేలిపోతుంది, తెలియకుండా చేరితే డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది.

ఉదాహరణకి హైదరాబాద్ దగ్గర కొంగరకలాన్‌లో ఉన్న ఫాక్స్‌కాన్ తైవాన్ కంపెనీ, తిరుపతిలో ఉన్న టీసీఎల్ చైనా కంపెనీ. రెండు దేశాల వాళ్లూ మాండరిన్ (మనం చైనీస్ అని నేర్చుకునే భాష) మాట్లాడతారు, కానీ తైవాన్‌లో గీతలు ఎక్కువుండే పాత లిపి రాస్తారు, చైనాలో సరళం చేసిన కొత్త లిపి రాస్తారు. పరీక్షలు కూడా వేరు, చైనాది హెచ్‌ఎస్‌కే, తైవాన్‌ది టీఓసీఎఫ్‌ఎల్. మన దగ్గర కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది కొత్త లిపే, దాంతో మొదలుపెట్టినా నష్టం లేదు, కానీ తైవాన్ వాళ్ల దగ్గర పనిచేయాలనుకుంటే పాత లిపి చదవడం ఎప్పుడు నేర్పుతారో చేరే రోజే అడగండి.

ఇక "మూడు నెలల్లో చైనీస్" అనే ప్రకటనల సంగతి. అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకి చైనీస్ నేర్పడానికి పెట్టుకున్న లెక్క సుమారు 2200 క్లాసు గంటలు. వారానికి మూడు గంటల చొప్పున మూడు నెలలంటే 36 గంటలు. ఆ 36 గంటల్లో పలకరింపులు, అంకెలు, మీ గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం వస్తాయి, అవి వచ్చినా మంచిదే, దానికి తగ్గ ఫీజే కట్టండి. ఆరు స్థాయిల పాత హెచ్‌ఎస్‌కేలో నాలుగో స్థాయికి 1200 మాటలు కావాలి, ఐదుకి 2500. ఫ్యాక్టరీలో ఇంటర్‌ప్రెటర్‌గా నిలబడాలంటే నాలుగు కనీసం అని నా అభిప్రాయం, ఐదైతే ధైర్యంగా వెళ్లొచ్చు. 2021లో చైనా తొమ్మిది స్థాయిల కొత్త ప్రమాణం తెచ్చింది కాబట్టి ఏ సిలబస్ చెబుతున్నారో కూడా అడగాలి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. హెచ్‌ఎస్‌కే మొదటి నాలుగు స్థాయిల్లో పాతపద్ధతి ప్రకారం మాట్లాడే పరీక్ష ఉండదు, వినడం, చదవడం, మూడో స్థాయి నుంచి రాయడం, అంతే. మాట్లాడటానికి హెచ్‌ఎస్‌కేకే అని వేరే పరీక్ష ఉంది. అంటే ఆ పద్ధతిలో హెచ్‌ఎస్‌కే ఒక్కటే రాస్తే నోరు తెరవకుండానే నాలుగో స్థాయి సర్టిఫికెట్ వచ్చేసేది! ఇంటర్వ్యూలో కూర్చున్నాక ఆ సర్టిఫికెట్ మీ తరఫున మాట్లాడదు. అందుకే నా దృష్టిలో కోర్సుకి అసలు పరీక్ష డెమో క్లాసే. ఆ గంటలో టీచర్ ఎంతమంది చేత విడివిడిగా పలికించారో లెక్కపెట్టండి, తప్పు పలికినప్పుడు ఆపి సరిదిద్దారా, లేక "వెరీ గుడ్" అని ముందుకెళ్లిపోయారా చూడండి. నేను మొదట చేరిన చోట 40 మందిమి ఉండేవాళ్లం, స్క్రీన్ మీద మాటలు చూపించి అందరి చేతా కలిపి చదివించేవారు, ఆరు నెలల్లో నా ఒక్కడి గొంతు ఆ టీచర్ విన్నది బహుశా నాలుగైదుసార్లు. పది పన్నెండు మందికి మించని బ్యాచ్ దొరికితే కొంచెం ఎక్కువ ఫీజైనా కట్టండి. హైదరాబాద్‌లో ఉంటే ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) చైనీస్ కోర్సులుంటాయి, ప్రవేశాల నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. డిగ్రీగానే చదవాలనుకునేవాళ్లకి ఢిల్లీలో జేఎన్‌యూ, శాంతినికేతన్‌లో 1937లో మొదలైన చీనా భవన్ ఉన్నాయి.

తెలుగువాళ్లకి ఒక గొప్ప సౌకర్యం ఉంది, దాన్ని వాడుకునే టీచర్ దొరికితే వదలకండి. చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్యిన్ చూసి చాలామంది "బి" ఉంటే బ అని, "డి" ఉంటే ద అని చదివేస్తారు. నిజానికి అక్కడ "బి" మన ప, "పి" మన ఫ (ఫలం అని సరిగ్గా ఒత్తి పలికే ఫ). అలాగే "జి" మన క, "కె" మన ఖ. "జె" చ, "క్యూ" ఛ. "ఎక్స్" దాదాపు మన శ, "ఎస్‌హెచ్" మన ష. "జెడ్" అయితే చాలు, చుక్క అన్నప్పుడు మనం పలికే దంత్య చకారం. ఒత్తుల తేడా, శ ష తేడా చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నదే, ఇక్కడ అక్కరకొస్తుంది. ప్రశ్న అడగడం కూడా మనలాగే, "వస్తావు"కి చివర దీర్ఘం పెట్టి "వస్తావా" అన్నట్టు వాళ్లు చివర "మ" చేరుస్తారు.

కష్టమల్లా స్వరాలతోనే. మాండరిన్‌లో నాలుగు స్వరాలు, పైన నిలిచేది, పైకి లేచేది, కిందికి దిగి లేచేది, ఒక్కసారిగా పడేది. "మాయ్" అని దించి పలికితే కొనడం, గట్టిగా పడేస్తే అమ్మడం. పర్చేజ్ విభాగంలో ఉద్యోగానికి వెళ్లి ఈ రెండూ తారుమారు చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఇక్కడే శరీరం సంగతి వస్తుంది. టెన్షన్‌లో భుజాలు బిగుసుకుని, ఊపిరి పైపైన ఆడి, గొంతు మామూలు కన్నా పైకి వెళ్లిపోతుంది, అప్పటికే పైనున్న గొంతుకి ఇంకా పైకి లేవడానికి చోటుండదు, అన్ని స్వరాలూ ఒకేలా వినిపిస్తాయి. ఇంగ్లీషులోనో తెలుగులోనో అయితే టెన్షన్‌గా మాట్లాడినా అర్థం చేసుకుంటారు, చైనీస్‌లో మాటే మారిపోతుంది. కాబట్టి వీపు నిటారుగా పెట్టి, భుజాలు వదిలేసి, ఒక ఊపిరి పూర్తిగా వదిలి, మామూలు కన్నా కొంచెం కింది గొంతుతో మొదలుపెట్టండి. స్వరంతో పాటు గడ్డం పైకీ కిందికీ ఆడించే అలవాటు కొత్తగా నేర్చుకునేవాళ్లందరికీ ఉంటుంది, మొదట్లో అది సాయం చేస్తుంది కూడా, కానీ రెండో నెల నుంచి మానుకోవాలి, లేకపోతే ఇంటర్వ్యూలో ప్రతి మాటకీ తల ఊగుతూనే ఉంటుంది.

తల గురించి ఇంకో మాట, ఇది నా అనుభవం. నా మొదటి ఇంటర్వ్యూలో మేనేజర్ "నైట్ షిఫ్ట్ చేస్తారా" అని అడిగితే మన పద్ధతిలో తల పక్కకి ఊపాను, సరేనని. ఆయన మళ్లీ అడిగారు, నేను మళ్లీ అలాగే ఊపాను. ఉద్యోగం రాలేదు. రాత్రి పని ఒప్పుకోలేదని రాసుకున్నారని తర్వాత అక్కడ పనిచేసే తెలుగావిడ చెప్పింది. చైనావాళ్లకి తల పక్కకి కదిలితే కాదని అర్థం. ఇప్పటికీ ఆ ఉద్యోగం గుర్తొస్తే బాధేస్తుంది, అందుకే ఎవరికైనా ముందు ఇదే చెబుతాను. తల పైనుంచి కిందికి ఊపండి, ఊపుతూ నోటితో "ఖ యీ" అనండి, అంటే సరే, చేస్తానని. అర్థం కాకపోతే అర్థమైనట్టు నవ్వుతూ కూర్చోవద్దు, "ఛింగ్ చాయ్ ష్వో యీ ప్యెన్", దయచేసి మళ్లీ చెప్పండి అని అడగండి (ఆ "చాయ్"లో చ కూడా చుక్కలో చకారమే). ఇంటర్‌ప్రెటర్‌కి మళ్లీ అడగడం తప్పు కాదు, తెలియకుండా తలూపడమే ప్రమాదం.

మిగతావి తేలిక. రెజ్యూమె గానీ విజిటింగ్ కార్డు గానీ రెండు చేతులతో ఇవ్వండి, రెండు చేతులతో తీసుకోండి, తీసుకున్న కార్డుని ఒక్క క్షణం చదివి టేబుల్ మీద ఎదురుగా పెట్టుకోండి, జేబులో కుక్కేయొద్దు. కరచాలనం మెత్తగా చాలు. కళ్లలోకి చూడండి కానీ గుచ్చినట్టు చూడక్కర్లేదు. వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందుంటుంది, కార్డు మీద వాంగ్ అని మొదట ఉంటే ఆయన్ని "వాంగ్ చింగ్‌లీ" అనాలి, మేనేజర్ వాంగ్‌గారు అన్నట్టు. "మీ చైనీస్ బాగుందే" అని మెచ్చుకుంటే థాంక్యూ చెప్పొచ్చు, కానీ "నాలీ నాలీ" అంటే, మనం "ఏదో అలా వచ్చులెండి" అన్నట్టు ఉంటుంది, ఎదుటివాళ్ల ముఖం విప్పారుతుంది.

అంకెలు చెప్పేటప్పుడు చేతులు వాడండి. నాలుగు "స్స", పది "ష్ష" లాంటి శబ్దాలు, తైవాన్, దక్షిణ చైనా వాళ్లలో చాలామంది రెండింటినీ స గానే పలుకుతారు, అప్పుడు తేడా స్వరంలోనే మిగులుతుంది. అందుకే పది అన్నప్పుడు రెండు చూపుడువేళ్లు ఒకదాని మీదొకటి అడ్డంగా పెట్టి చూపిస్తారు. ఆరుకి బొటనవేలు, చిటికెనవేలు చాపుతారు. చైనాలో ఎనిమిదికి బొటనవేలు, చూపుడువేలు, తైవాన్‌లో అదే గుర్తు ఏడు. మీ కోర్సులో ఇవి నేర్పకపోతే టీచర్‌ని అడిగి నేర్చుకోండి, పది నిమిషాల పని.

సాధన ఇలా చేయండి. రెండు నిమిషాల స్వీయ పరిచయం తయారు చేసుకుని ఫోన్‌లో వీడియో తీసుకోండి. మొదట సౌండ్ తీసేసి చూడండి, తల ఎటు ఊగుతోంది, చేతులు ఎక్కడున్నాయి, కాళ్లు ఆడుతున్నాయా అని. తర్వాత ఫోన్ బోర్లించి గొంతు మాత్రం వినండి, మాయ్‌కీ మాయ్‌కీ తేడా వినబడుతోందా అని. ఆ వీడియోని టీచర్‌కి చూపించి తప్పులు చెప్పమనండి. చూసి చెప్పడానికి ఒప్పుకోని చోట ఫీజు రెండో వాయిదా కట్టకండి.