జింకపిల్ల కాలు విరిగితే - 3వ పాఠం: బద్ద కట్టు

పోయిన పాఠంలో పిల్లను బెదరగొట్టకుండా పట్టుకోవడం, కళ్లకు గుడ్డ కట్టడం, విరిగింది ఏ ఎముకో గుర్తుపట్టడం చూశాం. ఈసారి కట్టు. పశువైద్యులు ఎక్స్‌రే చూసి, మత్తు, నొప్పి మందు ఇచ్చి, ఎముకను సరిగా కూర్చాకే మన పని మొదలు. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం దానికి వేయకండి, పొట్టలో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ముందు ఒకటి తేల్చుకుందాం. విరిగిన ప్రతి కాలికీ బద్ద పనికిరాదు. విరిగిన చోటికి పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకుండా ఆగితేనే కట్టు పనిచేస్తుంది. తొడ ఎముక విరిగిందనుకోండి, పైకీలు తుంటి. దాన్ని ఏ బద్దా ఆపలేదు. పైగా తొడ మధ్యలో ఆగిపోయిన కట్టు తన బరువుకు తానే లోలకంలా ఊగుతూ విరిగిన చోటును మరింత కదిలిస్తుంది. ముందుకాలి పైఎముకదీ ఇదే గతి. అలాంటప్పుడు లోపల కడ్డీ వేయాలా, కదలనివ్వకుండా ఉంచి చూడాలా, ఇక బాధ పెట్టకుండా సాగనంపాలా అన్నది వైద్యులే తేల్చాలి.

ఈ పాఠం ముందుకాల్లో ముణుకు కింద, వెనకకాల్లో మడమ కింద, గిట్టల పైన ఉండే పొడవాటి ఎముక గురించి. ముందుకాల్లో మనం ముణుకు అంటున్నది నిజానికి మన మణికట్టు లాంటి కీలు. ఈ భాగంలో కండ ఉండదు, చర్మం పల్చన. కాబట్టి విరిగిన కొన చర్మాన్ని చీల్చుకుని బయటికి రావడం తేలిక. రక్తపు చుక్క కనిపించినా సరే, దాన్ని లోపల మూసేసి కట్టొద్దు. వైద్యులు కడిగి, చూసి, సరే అన్నాకే కట్టు.

ఇప్పుడు చేతిపని. రెండు పొడవాటి టేపు ముక్కలు తీసుకుని కాలికి అటొకటి, ఇటొకటి నిలువుగా అంటించండి. కొసలు గిట్ట దాటి జానెడు వేలాడాలి. రెండూ ఒకదానికొకటి అంటుకుపోకుండా మధ్యలో ఒక పుల్ల పెట్టండి. ఆపైన దూది పొర. గిట్ట దగ్గర మొదలుపెట్టి పైకి, ప్రతి చుట్టూ కింది చుట్టు మీద సగం ఎక్కేలా రండి. ఎముక పొడుచుకొచ్చిన చోట ఎక్కువ దూది పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఆ ఎత్తు మీదే ఒత్తిడి పెరిగి పుండు పడుతుంది. చుట్టూ ఉన్న పల్లాన్ని నింపండి, కాలు పైనుంచి కిందికి ఒకే మందంగా కనిపించాలి. దూది మీద గాజుగుడ్డ, ఆ తర్వాత వేలాడుతున్న టేపు కొసల్ని మెలితిప్పి పైకి మడిచి కట్టుకు అంటించండి. కట్టు కిందికి జారకుండా ఆపేది ఇదే.

ఇక ఈ కట్టు మీద పెట్టి టేపుతో బిగించే బద్ద. దానికి నిలువునా చీల్చిన పీవీసీ పైపు బాగుంటుంది. అంచులు గీరి నున్నగా చేయాలి. పొడవు విషయంలో పిసినారితనం వద్దు, గిట్ట కొస నుంచి మోచేతి కీలు కిందిదాకా ఉండాలి. గిట్ట దగ్గర పొట్టిగా ఉంటే పిల్ల నిలబడ్డప్పుడు బరువంతా విరిగిన చోటే పడుతుంది. వెనకకాలికి తిన్నటి పైపు పనికిరాదు, మడమ కీలు సహజంగా వంగి ఉంటుంది కాబట్టి బద్దను ముందే వేడిచేసి ఆ వంపుకు తెచ్చి, చల్లారాకే పెట్టాలి. బద్ద గిట్ట కొసదాకా ఉన్నా, చుట్టిన గుడ్డ మాత్రం గిట్టల కొసల్ని కప్పకూడదు, అవి బయటికి కనిపించనివ్వండి.

ఆ కొసలే రోజూ మనకు వార్త చెబుతాయి. ముట్టుకుంటే రెండోకాలి గిట్టల కంటే చల్లగా ఉన్నా, పైన చర్మం ఉబ్బినా, కట్టు నుంచి వాసన వచ్చినా, తడిసినా, నిన్నటిదాకా మోపిన కాలు ఇవాళ ఎత్తేసినా కట్టు వెంటనే విప్పించాలి. రేపు చూద్దామనుకుంటే కాలు పోతుంది.

పెద్ద జంతువుకు లేని చిక్కు ఒకటి పిల్లకు ఉంది: అది పెరుగుతోంది. ఇవాళ సరిపోయిన కట్టు వారం తిరిగేసరికి బిగుసుకుంటుంది. అందుకే ఏ ఇబ్బందీ కనిపించకపోయినా వారం దాటకుండా మార్చాలి. పసి ఎముక త్వరగానే అతుక్కుంటుంది, చాలా పిల్లల్లో 3, 4 వారాలు చాలు. బాగా గట్టిపడనీ అని ఇంకా ఉంచితే కీళ్లు బిగుసుకుంటాయి, స్నాయువులు సడలుతాయి. మార్చేటప్పుడల్లా గది చీకటిగా, నిశ్శబ్దంగా ఉండాలి. బెదురుకే కండరాలు దెబ్బతిని చనిపోయే జంతువు ఇది. ముద్దు చేయడం, కబుర్లు చెప్పడం కూడా దానికి మేలు కాదు, మనిషికి అలవాటుపడితే తిరిగి అడవిలో బతకలేదు.

అభ్యాసం: రెండు పొట్టి కర్రల్ని కొసలు ఆనించి పెట్టి, వాటి చుట్టూ తువ్వాలు చుట్టండి. పైన చెప్పినట్టు కట్టు కట్టి, ఒక కొస పట్టుకుని అడ్డంగా ఎత్తండి. మధ్యలో వాలిందంటే విప్పి మళ్లీ కట్టండి. వాలనిదాకా జింకపిల్ల జోలికి వెళ్లొద్దు. 4వ పాఠంలో కట్టు తీసేశాక బలహీనపడ్డ కాలిని నడకకు తెచ్చే పద్ధతి చూద్దాం.