అమెరికా హైస్కూల్లో గణితం కోర్సులు: కాలేజీ ప్రవేశాల దృష్టితో ఎంపిక

అమెరికా హైస్కూళ్లలో గణితం చాలాచోట్ల ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్క్యులస్, కాల్క్యులస్ అనే వరుసలో సాగుతుంది. హైస్కూలు నాలుగేళ్లే, కోర్సులేమో అయిదు. కనుక పన్నెండో తరగతిలో కాల్క్యులస్ చదవాలంటే ఆల్జీబ్రా 1 ఎనిమిదిలోనే పూర్తి కావాలి. తొమ్మిదిలో దానిని మొదలుపెట్టినవారు జామెట్రీ, ఆల్జీబ్రా 2 ఒకే ఏడాది చదివి గానీ, ఒక కోర్సును వేసవిలో ముగించి గానీ వరుసను అందుకోవచ్చు. అయితే అందుకు తమ స్కూలు ఒప్పుకుంటుందో లేదో కౌన్సెలర్‌ను ముందుగానే అడగాలి.

కాలేజీలో ఏం చదవదలచుకున్నారన్నది తరువాతి ప్రశ్న. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్, ఫిజిక్స్ వైపు వెళ్లేవారికి కాల్క్యులస్ దాదాపు తప్పనిసరి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) కాల్క్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండు కోర్సులుంటాయి. బీసీలో ఏబీ పాఠ్యాంశాలన్నీ ఉండి, అనంత శ్రేణులు, పోలార్ నిరూపకాల వంటివి అదనంగా చేరతాయి కాబట్టి, ప్రీకాల్క్యులస్ గట్టిగా వచ్చినవారు ఏబీ చదవకుండా నేరుగా బీసీ తీసుకోవచ్చు. సైకాలజీ, సామాజిక శాస్త్రాలు ఎంచుకునేవారికి ఏపీ స్టాటిస్టిక్స్ ఎక్కువ ఉపయోగపడుతుంది. కానీ అది ఆల్జీబ్రా 2కు ప్రత్యామ్నాయం కాదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కనీసం మూడేళ్ల గణితం అడుగుతూ, నాలుగేళ్లు చదవమని సూచిస్తుంది. పరిచయస్థాయి డేటా సైన్స్ కోర్సులు ఆల్జీబ్రా 2 స్థానంలో చెల్లవని 2023లో అక్కడి అధ్యాపక సంఘం తేల్చింది.

ఎంసెట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న మన తరం తల్లిదండ్రులకు, పిల్లలను ఒక తరగతి ముందుకు దూకిస్తే చాలుననిపించడం సహజమే. ఇక్కడ మాత్రం ఒక్క పరీక్ష కాక, నాలుగేళ్ల మార్కుల పట్టికను, ఆ స్కూల్లో దొరికే కోర్సులతో పోల్చి చూస్తారు. బీసీ లేని స్కూల్లో చదివినవారికి అది లోటుగా లెక్కించరు. తొందరపాటు ఎక్కువగా బెడిసికొట్టేది ఆల్జీబ్రా 2 దగ్గరే: లాగరిథమ్‌లు, బీజీయ భిన్నాలు ఎవరి సాయమూ లేకుండా చేయలేని విద్యార్థిని ప్రీకాల్క్యులస్‌కు పంపితే, అక్కడ వచ్చే సీ గ్రేడు ముందుకు దూకినందువల్ల కలిగిన లాభాన్ని మించి నష్టం చేస్తుంది.

పన్నెండో తరగతిలో గణితం మానేయడం కూడా తెలివైన పని కాదు. దరఖాస్తు పంపాక సగం ఏడాది మార్కులను చాలా కాలేజీలు తెప్పించుకుంటాయి. సీటు ఇచ్చాక కూడా చివరి మార్కులు బాగా పడిపోతే దానిని వెనక్కి తీసుకునే హక్కును అట్టిపెట్టుకుంటాయి.