వేల ఫొటోలను తేదీలు చెడకుండా కొత్త ఫోనులోకి మార్చుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో కొత్త ఫోను ఎక్కువగా దసరాకో సంక్రాంతికో, లేకపోతే హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేస్తున్న పిల్లలు సెలవుకు ఇంటికి వచ్చినప్పుడో కొంటారు. కొన్న సాయంత్రానికే పాత ఫోనులో ఉన్నదంతా తుడిచేసి, దానిని అమ్మకో తమ్ముడికో ఇచ్చేయడం ఆనవాయితీ అయిపోయింది. ఫొటోలు పోయేది సరిగ్గా ఆ సాయంత్రమే. ఫోను చెడిపోయి ఫొటోలు పోగొట్టుకున్నవారి కంటే, తొందరపడి పాత ఫోను ఖాళీ చేసి పోగొట్టుకున్నవారినే నేను ఎక్కువగా చూశాను. ఈ పనికి ఒక రాత్రి కావాలి. ఆ తరువాత పాత ఫోనును ఎవరికీ ఇవ్వకుండా ఒక నెల బీరువాలో ఉంచాలి. అంత ఓపిక లేనివారు పాత ఫోనునే మరికొన్నాళ్లు వాడుకోవడం మేలు.

కావలసినవి

ల్యాప్‌టాప్ ఒకటి, డేటా వెళ్లే కేబుల్ ఒకటి, ఫొటోలన్నీ పట్టగా ఇంకా సగం చోటు మిగిలే హార్డ్‌డిస్క్ ఒకటి ఉంటే చాలు. మన ఊళ్లలో చవకగా దొరికే కొన్ని కేబుళ్లు ఛార్జింగుకు మాత్రమే పనికివస్తాయి; వాటిలో డేటా తీగలే ఉండవు. ఫోనుతోపాటు పెట్టెలో వచ్చిన కేబులే వాడాలి. డెస్క్‌టాప్ కంటే ల్యాప్‌టాప్ మంచిదని నేను చెప్పేది కరెంటు గురించి: పని మధ్యలో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ ఆగదు. రెండు ఫోన్లనూ పూర్తిగా ఛార్జింగ్ చేసి, రాత్రి భోజనాలయ్యాక, ఎవరూ ఫోను అడగని వేళ మొదలుపెట్టాలి.

ఫొటోలు నిజంగా ఫోనులోనే ఉన్నాయా?

గ్యాలరీలో కనిపిస్తున్న ప్రతి ఫొటో ఫోనులోనే ఉందనుకోవడం పొరపాటు. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఎప్పుడో చోటు సరిపోక ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కి ఉంటే, బ్యాకప్ అయిన ఫొటోలు ఫోనులోంచి వెళ్లిపోయి గూగుల్ ఖాతాలో మాత్రమే మిగిలి ఉంటాయి. యాప్‌లో అవి మునుపటిలాగే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కేబుల్ పెట్టి ఫోనంతా కాపీ చేసినా అవి రావు. దీనిని తెలుసుకోవడానికి ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నాలుగైదేళ్ల కిందటి ఫొటోలు కొన్ని తెరిచి, వేళ్లతో పెద్దవి చేసి చూడాలి. ముఖాలు మసకబారితే ఆ ఫొటో ఫోనులో లేదన్నమాట. ఐఫోనులో ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ పెట్టుకున్నవారికీ ఇదే పరిస్థితి. అటువంటివాటిని ముందుగా గూగుల్ ఖాతానుంచో ఐక్లౌడ్‌నుంచో కంప్యూటర్‌లోకి దింపుకున్నాకే తరువాతి పనికి రావాలి.

గూగుల్ ఫొటోస్‌లోని లాక్డ్ ఫోల్డర్‌నూ, సామ్‌సంగ్ సెక్యూర్ ఫోల్డర్‌నూ మరిచిపోకూడదు. ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు చాలామంది అక్కడే దాస్తారు. కేబుల్‌కు ఆ ఫోల్డర్లు కనిపించవు. అందులోవి ముందు బయటికి తీసి, పని ముగిశాక కొత్త ఫోనులో మళ్లీ దాచుకోవాలి.

మెమరీ కార్డు ఉన్నవారు దానిని తీసి కొత్త ఫోనులో పెట్టేస్తే చాలదా అని అడుగుతారు. కార్డును ఫోను ‘ఇంటర్నల్ స్టోరేజీ’గా ఫార్మాట్ చేసి ఉంటే అది గూఢలిపిలో ఉంటుంది, మరే ఫోనూ దానిని చదవలేదు. కార్డు బయటికి తీయకుండా, పాత ఫోనులో ఉండగానే కాపీ చేయాలి.

పాత ఫోనునుంచి కంప్యూటర్‌కు

కేబుల్ తగిలించి, ఫోను తెరను పైనుంచి కిందికి లాగి, యూఎస్‌బీ నోటిఫికేషన్ నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. అప్పుడు కంప్యూటర్‌లో ఫోను పేరు కనిపిస్తుంది. అందులో డీసీఐఎం (కెమెరా ఫొటోలు ఉండేది), పిక్చర్స్, డౌన్‌లోడ్ ఫోల్డర్లు పైననే ఉంటాయి. వాట్సాప్ ఫొటోలు మాత్రం ఆండ్రాయిడ్ 11 నాటినుంచి లోపలికి జరిగాయి: ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో మీడియా, అందులో ‘కామ్.వాట్సాప్’, దానిలో వాట్సాప్ ఫోల్డర్, దానిలో మళ్లీ మీడియా. అంత లోతుకు వెళ్లకుండా డీసీఐఎం ఒక్కటి కాపీ చేసుకుని పనైపోయిందనుకునేవారికి, పెళ్లి ఫొటోల్లో సగం వాట్సాప్‌లోనే వచ్చాయన్న సంగతి తరువాతెప్పుడో గుర్తుకొస్తుంది.

ఎప్పుడూ ‘కాపీ’ చేయాలి, ‘కట్’ చేయకూడదు. కట్ చేస్తుండగా కేబుల్ కదిలితే ఫైలు ఇక్కడా అక్కడా లేకుండా పోవచ్చు. ఇరవై వేల ఫొటోలున్న ఫోల్డర్‌ను ఒకేసారి లాగితే కంప్యూటర్ లెక్కపెడుతూనే నిలిచిపోవచ్చు. ఏడాదికొక ఫోల్డర్ చొప్పున, రెండు వేలకు మించకుండా కాపీ చేయాలి. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌తో సెకనుకు 30 ఎంబీ వస్తుందనుకున్నా 100 జీబీకి గంట పడుతుంది. చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. ఐఫోనువారు ఫొటోల సెట్టింగ్స్ అడుగున ఉన్న ‘కీప్ ఒరిజినల్స్’ పెట్టుకుంటే మధ్యలో తెగిపోయే బాధ తగ్గుతుంది.

కాపీ అయ్యాక రెండువైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిచూడాలి. కొద్దిపాటి తేడా వస్తే కంగారు అక్కరలేదు; గ్యాలరీలో తొలగించినా ఇంకా చెత్తబుట్టలో ఉన్నవి ‘ట్రాష్డ్’ అన్న పేరుతో దాగి లెక్కలోకి వస్తాయి. వందల్లో తేడా వస్తే మాత్రం ఏ ఏడాది ఫోల్డర్‌లో తగ్గిందో వెతికి, దానిని మళ్లీ కాపీ చేయాలి. తరువాత అదంతా హార్డ్‌డిస్క్‌లోకి మరో కాపీ తీయాలి. హార్డ్‌డిస్క్ గానీ పెన్‌డ్రైవ్ గానీ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన వీడియో అందులోకి ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి. మార్చితే అందులో ఉన్నది పోతుంది కనుక, ఖాళీ డిస్కునే మార్చాలి.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. దుకాణంలో ఫోను కొన్నప్పుడు ‘డేటా మేమే మార్చి ఇచ్చేస్తాం’ అంటారు. క్విక్ షేర్, స్మార్ట్ స్విచ్ వంటి యాప్‌లు పనికిరానివని నేను అనను. రెండూ ఒకే కంపెనీ ఫోన్లయితే బాగానే నడుస్తాయి. కానీ వాటితో ఫొటోలు ఒక ఫోనునుంచి మరొక ఫోనులోకి వెళతాయి, అంతే. కంప్యూటర్ మీదుగా వెళ్లే పద్ధతిలో మూడో చోట ఒక కాపీ దానంతటదే మిగిలిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు వచ్చి వెళ్లాక ఈ జిల్లాల్లో ఎన్ని ఇళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా, తడిసిన సామానుతో మిగిలాయో చూసినవారికి, ఫొటోలు ఒకే ఇంట్లో ఉంచకూడదని వేరే చెప్పనక్కరలేదు. పలాసలో ఉండేవారి హార్డ్‌డిస్క్ విశాఖలో ఉన్న అక్కయ్య ఇంట్లో ఉండాలి. ఇది నా నియమం. నా ఇంట్లో దీనికి మినహాయింపు లేదు.

ఫొటోలను తమకు తామే వాట్సాప్‌లో పంపుకుని కొత్త ఫోనులో దింపుకునే పద్ధతి మాత్రం ఎవరూ చేయకూడదు. మామూలుగా పంపితే ఫొటో పరిమాణం తగ్గిపోతుంది, లోపల ఉన్న తేదీ కూడా చెరిగిపోతుంది.

తేదీల దగ్గర జాగ్రత్త

అసలు చిక్కు ఇదే. ఇంతవరకు చేసింది ఎవరైనా చేయగలరు. పని పాడయ్యేది కంప్యూటర్‌నుంచి కొత్త ఫోనులోకి ఎక్కించేటప్పుడు.

కెమెరాతో తీసిన ఫొటో లోపలే, ఏ రోజు ఏ వేళ తీశారన్నది రాసి ఉంటుంది. దానిని ఎగ్జిఫ్ సమాచారం అంటారు. ఆ ఫైలును ఎక్కడికి మార్చినా అది పోదు, గ్యాలరీ దానిని చదివి ఫొటోను సరైన చోట పెడుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలకు ఆ రాత ఉండదు. చాలా ఫోన్లలో స్క్రీన్‌షాట్లదీ ఇదే సంగతి. వీటి విషయంలో గ్యాలరీకి ఉన్న ఆధారం ఒక్కటే: ఫైలు చివరిసారి మారిన తేదీ. కేబుల్ ద్వారా కంప్యూటర్‌నుంచి ఫోనులో అతికించినప్పుడు, చాలా ఫోన్లు ఆ తేదీని తీసేసి, అతికించిన క్షణాన్నే తేదీగా వేస్తాయి. దాంతో పదేళ్ల వాట్సాప్ ఫొటోలు ఒక్క రోజున వచ్చి పడతాయి. 2024 అక్టోబరు 15 నాటి సిరిమానోత్సవం ఫొటో, ఏనాటిదో అరసవల్లి రథసప్తమి ఫొటో, నిన్నటి కరెంటు బిల్లు, మూడూ ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. ‘అన్నీ నిన్ననే తీసినట్టు సూపిస్తంది బాబూ’ అని పెద్దవారు ఫోను చేతికిచ్చినప్పుడు, పాత ఫోను అప్పటికే తుడిచేసి ఉంటే, చేయగలిగింది చాలా తక్కువ.

అందుచేత మొదటి జాగ్రత్త: కొత్త ఫోనులో గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌ను పని పూర్తయ్యేవరకు ఆపి ఉంచాలి. తప్పు తేదీలతో ఉన్న ఫొటోలు ఒకసారి గూగుల్ ఖాతాలోకి వెళ్లాయంటే, వాటిని ఒక్కొక్కటిగా సరిచేయడానికి ఒక వేసవి సెలవంతా చాలదు.

రెండవది: కంప్యూటర్‌లో ఉన్న వాట్సాప్ ఫొటోలను తెరిచి తిప్పడం, కత్తిరించడం, సేవ్ చేయడం వంటివేవీ చేయకూడదు. అలా మార్చిన ప్రతి ఫొటోకూ, మార్చిన రోజు తేదీ పడుతుంది. ఫోల్డర్‌ను ‘డేట్ మాడిఫైడ్’ వరుసలో పెట్టి, పైనుంచి కిందికి ఒకసారి చూడాలి. ఏళ్ల వారీగా సరిగా ఉంటే కాపీ బాగా వచ్చిందన్నమాట. ‘డేట్ క్రియేటెడ్’ అన్నచోట ఈరోజు తేదీ కనిపిస్తే దానిని పట్టించుకోనక్కరలేదు. అది కంప్యూటర్‌లో కాపీ అయిన తేదీ మాత్రమే.

మూడవది, ముఖ్యమైనది: మొత్తం ఎక్కించే ముందు పది ఫొటోలతో పరీక్ష చేయాలి. వేర్వేరు ఏళ్లవి పది వాట్సాప్ ఫొటోలు తీసి కొత్త ఫోనులో అతికించి, గ్యాలరీలో ఏ తేదీ కింద కనిపిస్తున్నాయో చూడాలి. సరైన తేదీలే చూపిస్తే మీ ఫోను మంచిది, మిగిలినవి నేరుగా ఎక్కించవచ్చు. లేకపోతే ఆ పదింటినీ తీసేసి, జిప్ పద్ధతికి రావాలి.

కంప్యూటర్‌లో వాట్సాప్ ఫొటోల ఫోల్డర్‌ను ఏడాదికొకటి చొప్పున జిప్ ఫైళ్లుగా, అంటే ఫొటోలన్నీ ఒకే ఫైలులో ఉండే మూటలుగా, కట్టాలి. జిప్ లోపల ప్రతి ఫైలు పాత తేదీ భద్రంగా ఉంటుంది. పైన ఉన్న మూటకు మాత్రమే కొత్త తేదీ పడుతుంది. ఆ మూటను కొత్త ఫోనులోకి ఎక్కించి, ఫోనులోనే విప్పాలి. విప్పే యాప్‌లన్నీ పాత తేదీలను నిలపవు కనుక ఇక్కడ కూడా చిన్న మూటతోనే పరీక్ష చేసి, తేదీలు నిలిచాయని చూశాకే పెద్ద మూటలు విప్పాలి. విప్పుతున్నంతసేపూ మూటకూ ఫొటోలకూ కలిపి రెండింతల చోటు కావాలి. ఒక ఏడాది విప్పి, చూసి, ఆ మూటను తొలగించి, తరువాతి ఏడాదికి వెళ్లాలి. పాత ఫొటోలను కొత్త ఫోనులోని వాట్సాప్ ఫోల్డర్‌లో కలపవద్దు. పిక్చర్స్‌లో ‘పాత వాట్సాప్’ అని వేరే ఫోల్డర్ పెట్టుకోవాలి. వాట్సాప్ సంభాషణలను కొత్త ఫోనుకు మార్చుకోవడానికి ఆ యాప్‌లోనే ఏర్పాటు ఉంది. అది వేరే పని. దానిని చూసుకుని దీనిని మానుకోకూడదు.

ఇంతకుముందే తేదీలు చెడిపోయినవారికి ఒక దారి ఉంది. వాట్సాప్ ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది: ‘ఐఎంజీ-20241015-డబ్ల్యూఏ0012’ అంటే అది 2024 అక్టోబరు 15న వచ్చిన ఫొటో. కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో, పేరులోని ఆ తేదీని ఫొటో లోపల రాయించవచ్చు. ఒకసారి లోపల రాశాక ఏ ఫోనులో పెట్టినా తేదీ పోదు. అయితే అది ఆదేశాలు టైపు చేసి నడిపించే ప్రోగ్రాము. కాలేజీలో కంప్యూటర్లు చదువుతున్న పిల్లలెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, తప్పకుండా కాపీ మీదనే నడపాలి. పేరు మార్చేసిన ఫైళ్లకు ఇది కూడా పనికిరాదు.

కెమెరా ఫొటోలకూ, కెమెరాతో తీసిన వీడియోలకూ ఇంత తతంగం లేదు. డీసీఐఎం లోనివి నేరుగా కొత్త ఫోను డీసీఐఎం లోకి ఎక్కించేయవచ్చు.

బ్యాకప్, పాత ఫోను

తేదీలన్నీ సరిగ్గా కనిపించాకే గూగుల్ ఫొటోస్ బ్యాకప్ పెట్టాలి. 2021 జూన్ 1 నుంచి అక్కడ పరిమితి లేని ఉచిత చోటు లేదు. జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీ మాత్రమే. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే లెక్కకు వస్తోంది. వాట్సాప్ ఫోల్డర్లు వాటంతటవే బ్యాకప్ కావు, విడిగా ఎంచుకోవాలి. ఫోనులో చోటు చాలక యాప్‌లో ఒక ఫొటోను తొలగిస్తే అది గూగుల్ ఖాతానుంచి కూడా పోతుందని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి; బ్యాకప్ అయినది చెత్తబుట్టలో 60 రోజులు, కానిది 30 రోజులు ఉంటుంది.

పాత ఫోనును నెల రోజులపాటు వాడకుండా, సగం ఛార్జింగుతో ఆపి ఉంచాలి. ఆ నెలలో ఇంట్లోవారందరూ కొత్త ఫోనులో తమకు కావలసిన ఫొటోలు వెతికి చూడాలి. ఏది దొరకకపోయినా పాత ఫోను తెరిచి తెచ్చుకోవచ్చు. నెల గడిచాక, రీసెట్ చేసే ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించాలి. లేకపోతే ఆ ఫోను తీసుకున్న తమ్ముడు మళ్లీ మీ పాస్‌వర్డ్ కోసమే ఫోన్ చేస్తాడు.