ఆసుపత్రి సిబ్బందికి టెన్షన్ ఎలా తగ్గించాలి? డ్యూటీ చార్టుతో మొదలుపెట్టండి

కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లా వాళ్లే కాదు, తెలంగాణ, కర్ణాటక సరిహద్దు ఊళ్ల వాళ్లూ వస్తారు. ఆ తాకిడంతా పడేది నర్సులు, హౌస్ సర్జన్లు, ఆయాల మీదే.

నేను నర్సుగా చేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఒత్తిడి తగ్గిస్తామని యోగా క్లాసు పెట్టారు. ఎప్పుడు? పొద్దున ఎనిమిదిన్నరకు, నైట్ డ్యూటీ దిగినవాళ్లకు! మా సిస్టర్ ఒకామె శవాసనంలోనే నిద్రపోయింది. పక్కన ఉగ్గాని పొట్లం చల్లారిపోయింది. యోగా మంచిదే, కానీ ఆమెకు కావలసింది పరుపు.

అందుకే ముందు అడగండి. పేరు రాయనక్కర్లేని చీటీ మీద ఒకటే ప్రశ్న: "డ్యూటీలో మిమ్మల్ని బాగా విసిగించేది ఏది?" రాయడం రాని ఆయాల దగ్గర సూపర్‌వైజరు కాకుండా ఇంకెవరైనా కూర్చుని రాసుకోవాలి. మా దగ్గర ఎక్కువ చీటీల్లో వచ్చిన కోరిక, బాత్రూం తలుపుకు గడియ. అలాంటివి ఆ వారంలోనే చేయించేయండి. రెండోసారి అడిగినప్పుడు అసలు సంగతులు రాస్తారు.

తర్వాత డ్యూటీ చార్టు. బర్నవుట్, అంటే పనితో మనిషి పూర్తిగా అలసి విసిగిపోవడం, అదుపు చేయని పని ఒత్తిడి నుంచి వచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అంటే మందు మనిషికే కాదు, పనికీ వేయాలి. చార్టు రెండు వారాల ముందే గోడకు అంటించండి. షిఫ్టులు మార్చేటప్పుడు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలోనే తిప్పండి, ఒంటికి అది కాస్త తేలిక. నైట్ దిగి పడుకున్న రోజును వీక్లీ ఆఫ్ కింద రాయొద్దు. ఈ ఒక్కదానికే సగం గొడవలు తగ్గుతాయి.

పది నిమిషాలు కూర్చుని తినడానికి ఫ్యాన్ ఉన్న గది ఒకటి ఇవ్వండి. కర్నూలు ఎండల గురించి చెప్పక్కర్లేదు కదా.

వార్డులో పసిబిడ్డ పోతే, అదే నర్సు కళ్లు తుడుచుకుని పక్క బెడ్‌కు ఇంజెక్షన్ చేయాలి. అప్పుడు ఆమె బెడ్లు కాసేపు ఎవరు చూడాలో ముందే రాసిపెట్టండి. మాట్లాడాలనిపిస్తే వినండి, బలవంతంగా మాట్లాడించకండి. తప్పెవరిదనే విచారణ ఆ పూట వద్దు.

పేషెంటు తాలూకు వాళ్లు చేయి చేసుకుంటే ఫిర్యాదు ఆసుపత్రే ఇవ్వాలి, దెబ్బ తిన్న అమ్మాయిని ఒంటరిగా స్టేషన్‌కు పంపకూడదు. వైద్య సిబ్బందిపై దాడులకు మన రాష్ట్రంలో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది.

కౌన్సెలింగ్ పనిని మాత్రం పై అధికారికి అప్పగించకండి. సెలవు మంజూరు చేసే మనిషి ముందు ఎవరు మనసు విప్పుతారు? మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ నంబరు 14416ను నర్సుల గదిలో అంటించండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మూడు నెలలయ్యాక మళ్లీ అవే చీటీలు పంచండి. ఎన్ని సెలవులు పెట్టారో, ఎంతమంది మానేశారో రిజిస్టరులో చూసి పక్కపక్కన పెట్టుకోండి. పాత ఫిర్యాదే మళ్లీ కనిపిస్తే, ముందు దాని సంగతి తేల్చి యోగా మాస్టారికి ఫోన్ చేయండి.