కళ్లు తెరవని కుక్కపిల్లకి పాలు పట్టాలంటే

చలి మొదలయ్యిందంటే మా షెల్టర్ గేటు ముందు అట్టపెట్టెలు ప్రత్యక్షమవుతాయి. లోపల కళ్లు తెరవని కుక్కపిల్లలు. అందరూ చేసే తప్పు వెంటనే పాలు పట్టేయడం. మొదట్లో నేనూ అదే చేసి ఓ పిల్లని పోగొట్టుకున్నాను.

ముందు ఒంటిని తాకి చూడండి. చల్లగా ఉంటే పాలు అరగవు. సీసాలో వేడినీళ్లు పోసి, పాత తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కనే పెట్టండి. వేడి ఎక్కువైతే పిల్ల జరగడానికి చోటుండాలి కదా. ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు.

ఆవుపాలు, గేదెపాలు చాలామటుకు విరేచనాలు తెప్పిస్తాయి. కుక్కపిల్లల పాలపొడి కలపండి. పసిపాపని పట్టుకున్నట్టు వెల్లకిలా పట్టుకోకండి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తి, తల్లి దగ్గర తాగినట్టే తాగనివ్వాలి. ముక్కులోంచి పాలబుడగ వచ్చిందా, ఆపేయండి. మొదటి వారం రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా. అలారం మీద అలారం పెట్టుకోవడమే.

తాగాక గోరువెచ్చని తడి దూదితో తోక కింద మెల్లగా రుద్దండి. తల్లి నాకితే తప్ప వాటంతట అవి ఒంటికి, రెంటికి పోలేవు. కొత్త వాలంటీర్లు మొహం తిప్పుకునేది ఇక్కడే!

రోజూ ఒకే వేళకి వంటింటి త్రాసు మీద తూచి రాయండి. బరువు తగ్గితే డాక్టరుకి ఫోన్ చేయండి. కళ్లు 10 నుంచి 14 రోజులకి వాటంతటవే విచ్చుకుంటాయి. వేలు పెట్టకండి.