కారుకి డెంట్ పడితే యాప్‌లో ఏఐకి ఫోటోలు ఎలా పెట్టాలంటే

మన వైజాగ్ మద్దిలపాలెం జంక్షన్‌లో ఎవడో వెనకనుంచి గుద్దేశాడనుకోండి, చిన్న డ్యామేజీ అయితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు క్లెయిమ్‌కి యాప్‌లోనే ఫోటోలు పెట్టమంటున్నాయి, కొన్నిచోట్ల వాటిని ముందు చూసేది ఏఐనే. ఏ పార్టు, గీతా సొట్టా, రిపేరా మార్చాలా అని అదే అంచనా వేస్తుంది.

అందుకని ముందు కారు తుడవండి, బీచ్ రోడ్‌లో పెట్టే బండైతే ఉప్పు మరకలు కూడా గీతల్లా కనబడొచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు, మెరుపుకి సొట్ట కనబడదు. నంబర్ ప్లేటుతో సహా నాలుగు మూలల నుంచి తీసి, తర్వాత దెబ్బ దగ్గరగా తీయండి. వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫోటో అస్సలు పెట్టకండి, టైమూ లొకేషనూ పోతాయి, అనుమానం మొదలవుద్ది.

అసలు తిరకాసు ఇక్కడే, బంపర్ వెనక విరిగింది ఏఐకి కనబడదు కదా. యాప్ చూపించిన అమౌంట్‌కి వెంటనే ఓకే కొట్టేయకుండా గ్యారేజీలో విప్పించి, ఎస్టిమేట్ తీస్కుని, నష్టాన్ని స్వయంగా చూసి లెక్కగట్టే సర్వేయర్ కావాలని రాతపూర్వకంగా అడగండి. కుదర్దంటే కంపెనీ గ్రీవెన్స్ సెల్‌లో (ఫిర్యాదుల విభాగం) ఫిర్యాదు పెట్టండి, తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్. కంపెనీకి ఫిర్యాదు పెట్టి 30 రోజులైనా తేలకపోతే ఇలాంటి గొడవలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, మనకి హైదరాబాద్ ఆఫీసే, ఫీజు లేదు.